చలికాలంలో చెరువుల దగ్గర, చేల మధ్య పక్షుల్ని చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు వెనకబట్టి తెల్లవారుజామున మంచు పడటం మొదలైతే చాలు, పక్షుల్ని చూద్దామనుకునే కొత్తవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. ఏటా మనుషులు మారతారు, సందేహాలు మాత్రం అవే. అందుకే వాటిని ఒకచోట రాసిపెడుతున్నాను. నేను ఎక్కువగా తిరిగేది హైదరాబాద్‌కి పడమటి వైపు, గండిపేట, మంజీర, సింగూరు, జహీరాబాద్ ప్రాంతాల్లో కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఎక్కువ. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఎప్పుడు, ఎక్కడ

వలస పక్షులు ఎప్పుడొస్తాయి? డిసెంబర్ దాకా ఆగాలా?

ఆగక్కర్లేదు. బురదలో ముక్కు పెట్టి వెతుక్కునే ఉల్లంకి పిట్టలు కొన్ని ఆగస్టు చివరికే దిగుతాయి. తోక ఊపుకుంటూ నడిచే జిట్టంగులు సెప్టెంబర్‌లో కనబడతాయి. బాతులు అక్టోబర్ చివర్లో మొదలై నవంబర్ అంతా వస్తూనే ఉంటాయి. ఒకే ఉదయం ఎక్కువ రకాలు కనబడాలంటే డిసెంబర్ నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ దాకా మంచి కాలం. కానీ అక్టోబర్ నుంచే వెళ్లేవాళ్లకి ఏ వారం ఏది కొత్తగా దిగిందో తెలుస్తుంది. అసలు ఆనందం అందులోనే ఉంది.

మా దగ్గర అభయారణ్యం లేదు. మామూలు ఊరి చెరువుకి వెళ్తే ఏమైనా కనబడుతుందా?

కనబడుతుంది. కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది కూడా అక్కడే అని నా గట్టి నమ్మకం. కాకతీయుల కాలం నుంచి మన నేలంతా గొలుసుకట్టు చెరువులే. నీళ్లు, కాస్త జమ్ము, ఒక పక్క బురద, కట్ట వెనక వరి మళ్లు ఉన్న చెరువు ఏదైనా సరే, మునుగుడు కోడి, బొల్లికోడి, నీటికాకి, నారాయణ పక్షి, లకుముకి పిట్ట ఎప్పుడూ ఉంటాయి. చలికాలంలో వీటికి జిట్టంగులు, ఉల్లంకులు, నాలుగైదు రకాల బాతులు తోడవుతాయి.

దూరపు ప్రాజెక్టుకి ఏడాదికి ఒకసారి వెళ్లడం కంటే ఇంటి దగ్గరి చెరువుకి ప్రతి వారం వెళ్లడం వల్ల ఎక్కువ నేర్చుకుంటారు. ఎప్పుడూ ఉండే పక్షులు కంటికి అలవాటైపోతే, కొత్తగా వచ్చింది దానంతటదే వేరుగా కనబడుతుంది.

చెరువు నిండుకుండలా ఉంది, పక్షులు మాత్రం లేవు. ఎందుకు?

నిండుగా ఉంది కాబట్టే లేవు. ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన దగ్గరికి వచ్చే బాతుల్లో చాలా రకాలు మునగవు. తల కిందికి, తోక పైకి పెట్టి, మెడ అందినంత లోతులో ఉన్న నాచునీ గింజల్నీ తింటాయి. ఉల్లంకులకైతే వేళ్లు తడిసేంత నీళ్లు చాలు, వాటికి కావలసింది బురద. అలుగు దూకేంతగా నిండిన చెరువులో ఈ రెండూ ఉండవు. లోతు నీళ్లలో మునిగి తినే పోచార్డు బాతులు, నీటికాకులు, బొల్లికోళ్లు మాత్రమే మిగులుతాయి. పైగా వానలు బాగా కురిసిన ఏడాది చుట్టుపక్కల చిన్న కుంటలన్నీ నిండుతాయి. పక్షులు వాటిమీద తలా ఇంత పంచుకుని చెదిరిపోతాయి. అంటే అవి రాలేదని కాదు, ఒకచోట చేరలేదని.

యాసంగికి తూము ఎత్తాక కథ మారుతుంది. నీళ్లు రోజుకింత వెనక్కి జరుగుతూ శిఖం భూమి బయటపడుతుంది. ఆ తడి అంచునే ఉల్లంకులు, చిన్న స్టింటులు, నల్లతోక గాడ్‌విట్‌లు లాంటి బురద పిట్టలు దిగుతాయి. కాస్త పైన, పచ్చగడ్డి మొలిచినచోట జిట్టంగులు, పిపిట్‌లు తిరుగుతాయి. నవంబర్‌లో ఏమీ లేదనిపించిన చెరువుకే జనవరి చివర్లో మళ్లీ వెళ్లి చూడండి. సింగూరు, మంజీర లాంటి పెద్ద జలాశయాల్లోనూ ఇంతే. కట్ట దగ్గరి లోతు నీళ్లకంటే వెనక భాగంలో, నది వచ్చి కలిసే పల్లపు ప్రాంతంలో పక్షులు ఎక్కువ.

హైదరాబాద్ నుంచి ఒక్క పూటలో వెళ్లి రావడానికి ఏవి మంచివి?

అమీన్‌పూర్ చెరువు నగరాన్ని ఆనుకునే ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇప్పుడు చుట్టూ భవనాలు లేచాయి, అయినా చలికాలం ఉదయం వెళ్తే వట్టి చేతులతో రారు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో. ఈ రెండింటి వెనక తీరాలు, వాటికి ఎగువనున్న పొలాలు కలిపి చూస్తే ఉదయం చాలదు. ఇంకొంచెం దూరం పోగలిగితే సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యం ఉంది. దాన్ని 1978లో ప్రకటించారు. అక్కడికి అటవీ శాఖ అనుమతి తీసుకుని వెళ్లాలి. తాగునీటి జలాశయాల కట్టలమీద కూడా అన్నిచోట్లా తిరగనివ్వరు. ముందే కనుక్కోండి, కాపలా మనిషితో వాదన పెట్టుకోవద్దు.

మేం ఆంధ్రలో ఉంటాం. మాకు దగ్గర్లో ఏమున్నాయి?

నిజానికి పెద్ద గుంపులు చూసే అదృష్టం మీదే. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు ఉంది, బడిపిల్లల్ని తీసుకెళ్లడానికి అంతకంటే సులువైన చోటు లేదు. కొల్లేరులో కైకలూరు దగ్గర ఆటపాక, సూళ్లూరుపేట వైపు నేలపట్టు, పులికాట్, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం. పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూళ్లు కట్టుకున్న గూడబాతులు చూడాల్సినవి. గడ్డిభూమి పక్షుల కోసమైతే కర్నూలు వైపు రోళ్లపాడు.

## చేతిలో ఏముండాలి

బైనాక్యులర్ ఏది కొనాలి? ఎక్కువ పవర్ ఉంటే మంచిదేనా?

8x42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పవర్ పెరిగేకొద్దీ చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనబడే మేర తగ్గుతుంది. ఎగిరే పక్షిని పట్టుకోవడం కష్టమవుతుంది. 10x50 బరువు, గంటసేపటికే మెడ లాగుతుంది. రోడ్డు పక్కన, ఎగ్జిబిషన్లలో అమ్మే 30x, 50x అని రాసున్నవి అస్సలు వద్దు. దూరపు బాతుల కోసం స్టాండ్ మీద పెట్టే స్కోప్ ఉంటే బాగుంటుంది గానీ అది ఒక్కో బృందానికి ఒకటి చాలు.

కెమెరా లేకుండా వెళ్తే దండగ కాదా?

కాదు. మొదటి సీజన్ కెమెరా లేకుండానే తిరగమంటాను. కెమెరా ఉంటే కన్ను ఫొటోకి పనికొచ్చే పక్షినే వెతుకుతుంది. నడక, ఎగరడం, తినే తీరు గమనించడం మొదట అలవాటు కావాలి.

ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిదరంగు. తెలుపు, ఎరుపు వద్దు. గట్లమీద పాములుంటాయి కాబట్టి చీలమండ కప్పే బూట్లు వేసుకోవాలి. పొద్దున చలి ఉన్నా తొమ్మిదికల్లా ఎండ మొదలవుతుంది, టోపీ, నీళ్లు మరవొద్దు.

## చెరువు కట్టమీద

ఎన్నింటికి చేరుకోవాలి? ఏ గట్టున నిలబడాలి?

సూర్యోదయానికి అక్కడుండాలి. డిసెంబర్, జనవరిల్లో హైదరాబాద్ వైపు ఆరున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది. ఉదయం తూర్పు గట్టున నిలబడి పడమరకి చూడండి, వెలుతురు మీ వీపు వెనకనుంచి పక్షిమీద పడి రంగులన్నీ తెలుస్తాయి. పడమటి గట్టున నిలబడితే నీళ్ల తళతళలో అన్నీ నల్ల ఆకారాలే. సాయంత్రం దీనికి తిరగేయాలి. దట్టంగా మంచు పడిన రోజు కంగారుపడి తిరగొద్దు, ఒకచోట కూర్చుని విడిపోయేదాకా ఆగండి.

కాస్త దగ్గరికి వెళ్లగానే అన్నీ లేచిపోతున్నాయి. ఏం చేయాలి?

దగ్గరికి వెళ్లడం మానాలి. పక్షి తినడం ఆపి, మెడ నిక్కించి మీవైపు చూస్తోందంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికొచ్చారని అర్థం. అక్కడే ఆగండి, వీలైతే కూర్చోండి. నిటారు మనిషంటే వాటికున్న బెదురు కూర్చున్న మనిషంటే ఉండదు. కాసేపటికి తింటూ తింటూ అవే మీవైపు జరుగుతాయి.

ఎగిరితే చూడటానికి బాగుంటాయని చప్పట్లు కొట్టేవాళ్లని, రాళ్లు విసిరేవాళ్లని, డ్రోన్ ఎగరేసేవాళ్లని చూస్తుంటాం. మంగోలియా, కజకిస్తాన్ వైపునుంచి ఒంట్లోని కొవ్వంతా కరిగించుకుని వచ్చిన పక్షి అది. తిరుగు ప్రయాణానికి మళ్లీ కొవ్వు కూడబెట్టుకోవడానికే ఇక్కడ పగలల్లా తింటోంది. ఊరికే లేపిన ప్రతిసారీ దాని కూడబెట్టులోంచి కొంత మనం లాక్కున్నట్టే. ఎవరైనా అలా చేస్తుంటే మొహమాటపడకుండా చెప్పండి.

బాతులన్నీ ఒకే గోధుమరంగులో ఉన్నాయి. ఎలా గుర్తుపట్టాలి?

నవంబర్‌లో ఆ ఇబ్బంది అందరికీ ఉంటుంది. గూళ్ల కాలం అయ్యాక మగ బాతులు మెరుపు ఈకలు రాల్చేసి ఆడవాటిలాగే తయారవుతాయి, ఆ వేషంలోనే ఇక్కడికొస్తాయి. డిసెంబర్ దాటేకొద్దీ మళ్లీ రంగులొస్తాయి. అందాకా రంగు వదిలేసి ముక్కూ ఆకారమూ చూడండి. గరిటెలా వెడల్పాటి ముక్కు నీళ్లకి ఆనించి గిరగిర తిరుగుతుంటే అది షోవెలర్. సన్నటి పొడుగు మెడ, సూదిలాంటి తోక ఉంటే పిన్‌టెయిల్. చిన్నది, మగదానికి కంటిపైన తెల్లటి వంపు చార ఉంటే గార్గనీ.

నల్లటి ముక్కు చివర పసుపు, మొదట్లో రెండు ఎర్ర చుక్కలు ఉన్నది మన సొంత బాతు, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. ఈల వేసుకుంటూ గుంపుగా లేచే చిలువ బాతులూ ఇక్కడివే. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లబొట్టు ఉన్న బొల్లికోడి అసలు బాతే కాదు.

మా ఊరి చెట్లమీద వాలేవి సైబీరియా కొంగలేనా?

కాదు. పేపర్లలో, టీవీల్లో ఏటా సైబీరియా కొంగలనే చెబుతారు కాబట్టి ఈ మాట స్థిరపడిపోయింది. తేలినీలాపురంలో, అనంతపురం వైపు వీరాపురంలో చెట్లమీద గూళ్లు కట్టేవి ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఇవి మన ఉపఖండపు పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి వందల కిలోమీటర్లు మారుతుంటాయి, అనువైనచోట గూళ్లు కడతాయి. చలికాలానికి వచ్చే నిజమైన వలస పక్షులు ఇక్కడ గూడు కట్టవు. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. అసలు సైబీరియా కొంగ వేరే పక్షి. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేది, 2002 తర్వాత అక్కడా కనబడలేదు.

దూరం నుంచి రాకపోయినంత మాత్రాన మీ ఊరి కొంగల విలువ తగ్గదు. పిల్లల్ని పెంచుకోవడానికి మీ ఊరినే ఎంచుకున్నాయవి.

తలమీద నల్లచారలున్న పెద్ద బాతుల గుంపు పగలంతా నిద్రపోతోంది. ఏమిటవి?

బార్ హెడెడ్ గూస్. తెల్లటి తల వెనక రెండు నల్లటి అడ్డచారలే గుర్తు. టిబెట్, మంగోలియా పీఠభూముల సరస్సుల దగ్గర పిల్లలు చేసి, హిమాలయాలు దాటి వస్తాయి. ఒంటికి అమర్చిన పరికరాలతో చూస్తే ఏడు వేల మీటర్లకు పైన కూడా ఎగిరాయని తేలింది. ఇవి ఎక్కువగా రాత్రిపూట పొలాలకెళ్లి గడ్డి, గింజలు, లేత పైరు మేస్తాయి. పగలు జలాశయం మధ్యలో లంకమీదో తెరిపి గట్టుమీదో విశ్రాంతి తీసుకుంటాయి. నిద్రపోతున్నవాటిని లేపకండి. తెల్లవారగానే చెరువు దగ్గరుంటే వరసకట్టి మేతనుంచి తిరిగొచ్చి దిగడం చూడొచ్చు.

## చేల మధ్య

పొలాల్లో చూడటానికి ఏముంటుంది? ఏ చేనికి వెళ్లాలి?

పైరునిబట్టి పక్షి. యాసంగి నాట్లకి దమ్ము చేస్తున్న మడి దొరికితే అక్కడే ఆగిపోండి. ట్రాక్టర్ వెనకాల కొంగలు, కంకణాలు, గోరువంకలు, జిట్టంగులు వరసగా నడుస్తాయి. పక్క మడిలో నీళ్లు నిలిచి ఉంటే ఉల్లంకులు, గట్టు వారన నక్కి కూర్చున్న ముక్కుపూరేడు దొరుకుతాయి. వరి కోసేసిన కొయ్యకాళ్లలో గుల్లకొంగలు నత్తల కోసం తిరుగుతాయి. నల్లరేగడిలో శనగ, కుసుమ వేసిన ఎత్తు నేలలు వేరే లోకం. పురుగుల కోసం పాలపిట్టలు, పసిరిక పిట్టలు తీగలమీద కాపలా కాస్తాయి, చిన్న గద్దలు గాలిలో ఒకేచోట నిలబడి రెక్కలాడిస్తుంటాయి. పత్తి చేలల్లో మాత్రం పెద్దగా దొరకదు.

పొలంలోకి దిగొచ్చా? రైతులు ఏమన్నా అంటారేమో?

అడిగితే ఏమీ అనరు, అడక్కుండా దిగితే అంటారు, అనాలి కూడా. "పిట్టల్ని చూసి పోతామన్నా, పైరు తొక్కం" అని ముందే చెప్పండి. మెడలో బైనాక్యులర్ చూసి భూమి సర్వేకి వచ్చారనుకుంటారు, ఆ భయం మొదట పోగొట్టాలి. బైనాక్యులర్ వాళ్ల చేతికిచ్చి చూడమనండి. ఏ పక్షి ఏ వేళకి ఎక్కడ దిగుతుందో ఆ పొలం మనిషికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నడక గట్టుమీదే ఉండాలి. కొత్తగా పెట్టిన గట్టు, నారుమడి అంచు తొక్కొద్దు. మందు కొట్టిన చేను వాసనొస్తే అటు వెళ్లొద్దు.

జొన్నచేలమీద మబ్బులా లేచి వాలే గులాబిరంగు పిట్టలేమిటి? రైతుకి నష్టమే కదా?

పలిస పిట్టలు. నల్లటి తల, రెక్కలు, గులాబిరంగు ఒళ్లు, నెత్తిన జుట్టు ఉన్న గోరువంక జాతి. మధ్య ఆసియా గడ్డిమైదానాలనుంచి వస్తాయి, కొన్ని ఆగస్టుకే దిగుతాయి. కంకి పాలుపోసుకునే రోజుల్లో నష్టం నిజమే. మంచె ఎక్కి వడిసెల తిప్పే మనిషి కష్టాన్ని మనం తేలిక చేసి మాట్లాడకూడదు. అయితే ఇదే పక్షి మిడతల్ని విపరీతంగా తింటుంది, పొలానికి ఆ మేలూ ఉంది. జొన్న తగ్గిపోయిన ఊళ్లలో మిగిలిన ఒకటి రెండు చేలమీదే గుంపంతా పడుతుంది కాబట్టి ఆ ఒక్క రైతుకే దెబ్బ తగులుతుంది. ఊళ్లో పదిమందీ జొన్న వేసినప్పుడు ఆ భారం పంచుకునేవాళ్లు.

చేను మీద అతి తక్కువ ఎత్తులో తేలుతూ పోయే గద్ద ఏది?

పిల్లిగద్ద. రెక్కలు కాస్త పైకెత్తి, పైరు అంచుల్ని తాకుతున్నట్టు అటూ ఇటూ తూలుతూ ఎగురుతుంది. బూడిదరంగులో రెక్కల చివర్లు నల్లగా ఉంటే మగది. గోధుమరంగులో తోక మొదట్లో తెల్లమచ్చ ఉంటే ఆడదో పిల్లదో. జమ్మున్న చెరువులమీద తిరిగే ముదురు గోధుమరంగుది ఇంకో రకం. ఊళ్లో కనబడే మామూలు గద్దకి తోక చీలి ఉంటుంది, పిల్లిగద్దకి ఉండదు.

ఇవి రాత్రి చెట్లెక్కవు. గడ్డిలో నేలమీదే గుంపుగా పడుకుంటాయి, రోళ్లపాడు దానికి పేరుపొందింది. అందుకే చెట్టు లేని గడ్డినేలని బంజరు అని రాసి మొక్కలు నాటేస్తే వీటికి ఇల్లు లేకుండా పోతుంది. గడ్డినేల గడ్డినేలగానే ఉండాలని అడగడం కూడా పక్షిప్రేమికుల పనే.

దసరా రోజు పాలపిట్టని చూడాలంటే ఎక్కడికెళ్లాలి?

ఊరు దాటి పొలాల మధ్య కరెంటు తీగలు చూసుకుంటూ పోండి. వానలు తగ్గి చేలు తెరిపిన పడే ఆ రోజుల్లో పాలపిట్ట బాగా కనబడుతుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. కానీ పంజరంలో పెట్టి గుడిదగ్గర చూపిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఆ పక్షుల్ని వలేసి పట్టి, ఎగరకుండా రెక్కలు కట్టేసి తెస్తారు, చాలావరకు చచ్చిపోతాయి. అది నేరం, అటవీ శాఖకి చెప్పండి.

## రాసుకోవడం, లెక్కపెట్టడం

ఫోన్‌లో పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ చెప్పిన పేరు నమ్మొచ్చా?

సూచనగా తీసుకోండి, తీర్పుగా కాదు. కూత విని పేరు చెప్పే సౌకర్యం పొదల్లోని చిన్న పిట్టలకి పనికొస్తుంది గానీ, చలికాలంలో పెద్దగా కూయని బాతులకి, దూరంగా ఉన్న ఉల్లంకులకి ఉపయోగం తక్కువ. యాప్ పేరు చెప్పాక, ఆ పక్షి ఈ నెలలో ఈ నేలలో ఉంటుందా అని చూసి, కంటితో ఒక గుర్తయినా సరిపోల్చాకే రాసుకోండి. తేలకపోతే "ఏదో ఉల్లంకి" అని రాసినా తప్పులేదు.

వందల గుంపుని ఎలా లెక్కపెడతారు?

పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు పట్టాయో కంటికి పట్టించుకుని, గుంపుమీద ఒక చివరనుంచి పదులుగా కొలుచుకుంటూ పోండి. చాలా పెద్ద గుంపైతే యాభైలుగా. ఇద్దరుంటే వేర్వేరుగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోండి. "చాలా ఉన్నాయి" అని రాయడం కంటే "సుమారు 300" అన్నది ఎన్నో రెట్లు మేలు.

నేను రాసుకున్న జాబితా ఎవరికి పనికొస్తుంది?

1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పట్లో ఏ పక్షి ఎక్కడుండేదో ఈనాడు తెలుస్తోందంటే ఆ రాతలవల్లే. మీ చెరువు గురించి అలాంటి రాత ఇప్పుడు రాయగలిగేది మీరే. తేదీ, వేళ, నీటిమట్టం, పక్షి, సంఖ్య నోటుబుక్కులో రాసుకుని, పక్షుల జాబితాలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఏమీ కనబడని రోజు కూడా రాయాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది, ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు ఉంటుంది. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాలు కొత్తవాళ్లని వెంట తీసుకెళ్తాయి.

## ఇబ్బంది ఎదురైతే

చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా. రెండు గంటలకి మించొద్దు, తినడానికి ఏమైనా ఉంచుకోండి. నీళ్లలోకి మాత్రం దిగనివ్వొద్దు. మంజీరలో మొసళ్లున్నాయి, మిగతా చెరువుల్లో మట్టి తవ్విన లోతు గుంతలుంటాయి.

సంక్రాంతికి మాంజాకి చిక్కుకుని వేలాడే పక్షి కనబడితే?

దారం లాగొద్దు, లాగితే రెక్క ఇంకా తెగుతుంది. పక్షిమీద పల్చటి గుడ్డ కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకుని, దారాన్ని కత్తెరతో ఇరువైపులా కత్తిరించండి. గాయంలో దిగిన ముక్కని డాక్టరుకే వదిలేయండి. కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొంగలు కళ్లకి గురిపెట్టి పొడుస్తాయి కాబట్టి మొహం దూరంగా పెట్టుకోండి. వెంటనే అటవీ శాఖకిగానీ, జంతువుల్ని కాపాడే సంస్థకిగానీ ఫోన్ చేయండి. కరెంటు తీగమీద చిక్కుకుంటే మాత్రం మీరు ప్రయత్నించొద్దు, విద్యుత్ సిబ్బందిని పిలవండి.

చెరువు ఒడ్డున ఒకటికి మించి పక్షులు చచ్చిపడి ఉంటే?

ముట్టుకోవద్దు, కుక్కల్ని దగ్గరికి రానివ్వొద్దు. విషం కావచ్చు, కలుషిత నీళ్లు కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు, చూసి చెప్పలేం. ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టి, పశుసంవర్ధక శాఖకీ అటవీ శాఖకీ అదే రోజు చెప్పండి. ఇంటికొచ్చాక బూట్లు కడుక్కోండి. కోళ్లు పెంచేవాళ్లయితే ఆ బూట్లతో షెడ్డులోకి పోవద్దు.

రాత్రిపూట వలలు కట్టి బాతుల్ని పడుతున్నారు. నేనేం చేయగలను?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అది నేరం. ఒంటరిగా ఎదురెళ్లొద్దు. ఏ గట్టున, ఏ వేళకి వల కడుతున్నారో రాసుకుని అటవీ శాఖ రేంజ్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. ఊళ్లో చేపల సొసైటీ వాళ్లతో మాట్లాడండి. చెరువుమీద రాత్రి ఎవరు తిరుగుతున్నారో వాళ్లకి తెలుస్తుంది, బయటివాళ్లు వల వేయడం వాళ్లకీ ఇష్టం ఉండదు. పట్టిన పక్షుల్ని సంతలో అమ్ముతుంటే జాలిపడి కొని వదిలేయొద్దు. మీరిచ్చిన డబ్బుతో రేపు ఇంకో వల కొంటారు.